విదేశీ క్లయింట్లకు క్రిస్మస్ కార్డులు పంపడం ఎక్కడ మొదలైంది, ఇప్పుడూ పంపాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: మీకు అమెరికాలో, ఇంగ్లండులో కలిపి నలభై మంది దాకా క్లయింట్లున్నారు. డిసెంబరులో వాళ్ళకి క్రిస్మస్ కార్డులు పంపుదామని మీ పార్ట్‌నర్ అంటున్నాడు. మీకేమో ఎవరింట్లోనో జరుపుకునే పండగని మన వ్యాపారానికి వాడుకున్నట్టు అనిపిస్తోంది. అసలు కంపెనీలు కార్డులు పంపే అలవాటు ఎప్పటిది, వాట్సాప్ వచ్చాక కూడా దానికి విలువ ఉందా, పంపితే ఎలా పంపాలి అని అడిగారు.

నేను గుంటూరులో ఒక పొగాకు ఎగుమతి కంపెనీలో 1983 నుంచి ఇరవై తొమ్మిదేళ్ళు కరస్పాండెన్స్ సెక్షన్‌లో పనిచేశాను. ఏటా క్రిస్మస్ కార్డుల పని నా నెత్తినే పడేది. మొదట్లో విసుక్కునేవాణ్ణి. తర్వాత తర్వాత ఇది ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలన్న ఆసక్తి పుట్టి, దొరికిందల్లా చదివాను. అందుకే సమాధానం కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

ముందు మీ సంకోచం సంగతి. ఇళ్ళలో పుట్టిన ఆచారాన్ని కంపెనీలు లాక్కున్నాయని మీరనుకుంటున్నారు. చాలామంది అనుకునేదీ అదే. కానీ క్రిస్మస్ కార్డు పుట్టింది అచ్చు యంత్రం మీద, అమ్ముడుపోయింది దుకాణంలో. ఇళ్ళలో అలవాటుగా స్థిరపడింది ఆ తర్వాతే.

1843, లండన్. హెన్రీ కోల్ అనే ప్రభుత్వోద్యోగి పబ్లిక్ రికార్డ్ ఆఫీసులో పనిచేసేవాడు. ఒక పనితో ఊరుకునే మనిషి కాదు. తర్వాత 1851 నాటి మహా ప్రదర్శన నడిపినవాళ్ళలో ముఖ్యుడు, ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అంటున్నదానికి మొదటి డైరెక్టరు కూడా ఆయనే. ఈ కార్డుకి మూడేళ్ళ ముందు, 1840 జనవరిలో, బ్రిటన్‌లో పెన్నీ పోస్టు వచ్చింది. దేశంలో ఎంత దూరమైనా సరే, అర ఔన్సు ఉత్తరానికి ఒక్క పెన్నీ. అంతకుముందు దూరాన్ని బట్టి, కాగితాల లెక్కని బట్టి చార్జీ ఉండేది, తరచుగా అది అందుకున్నవాడే కట్టుకోవాల్సి వచ్చేది. రోలండ్ హిల్ తెచ్చిన ఈ సంస్కరణ కోసం గట్టిగా ప్రచారం చేసినవాళ్ళలో కోల్ ఒకడు. తీరా తపాలా చౌకయ్యేసరికి ఉత్తరాలు వచ్చిపడటం మొదలైంది. పండగ పూట వచ్చిన ఉత్తరానికి జవాబివ్వకపోతే మర్యాద కాదు, ఇద్దామంటే తీరిక లేదు.

అప్పుడు కోల్ తన స్నేహితుడు, చిత్రకారుడు జాన్ కాల్కాట్ హార్స్లీ చేత ఒక బొమ్మ గీయించాడు. రాయి మీద గీసి అచ్చేసే లిథోగ్రాఫు పద్ధతిలో వెయ్యి కార్డులు అచ్చేయించి, రంగులు చేత్తో వేయించాడు. తనకి కావలసినవి ఉంచుకుని మిగిలినవి అమ్మకానికి పెట్టించాడు, ఒక్కోటి ఒక షిల్లింగు. షిల్లింగంటే పన్నెండు పెన్నీలు. అంటే ఒక కార్డు ఖరీదుతో పన్నెండు ఉత్తరాలు పోస్టు చేసుకోవచ్చు, సామాన్యుడు కొనే సరుకు కాదది. దాన్ని 'ఫెలిక్స్ సమ్మర్లీ' పేరు మీద అమ్మారు. అది కోల్ కలం పేరు. ఆ పేరుతోనే పిల్లల పుస్తకాలు వేయించాడు, తర్వాత ఒక టీ సెట్టు కూడా డిజైను చేశాడు. మొదటి క్రిస్మస్ కార్డు వెనక ఒక బ్రాండు పేరు కూడా ఉందన్నమాట.

బొమ్మ మధ్యలో ఒక కుటుంబం, మూడు తరాల వాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని గ్లాసులెత్తి, కార్డు చూస్తున్నవాళ్ళ ఆరోగ్యం కోరుతూ తాగుతుంటారు. ఒక చిన్నపిల్లకి కూడా వైను తాగిస్తున్నట్టు గీశారని మద్యనిషేధ ఉద్యమం వాళ్ళు మండిపడ్డారు. పక్కన రెండు చిన్న బొమ్మల్లో ఒకదాంట్లో పేదలకి అన్నం పెట్టడం, ఇంకోదాంట్లో బట్టలివ్వడం. ఇవన్నీ అలా ఉంచండి. నేను మిమ్మల్ని చూడమనేది ఆ కార్డులో బొమ్మ లేని చోటు. పైన 'టు' అని ఒక ఖాళీ, కింద 'ఫ్రం' అని ఒక ఖాళీ. వెయ్యి కార్డులూ ఒకేలా ఉన్నా, ఆ రెండు ఖాళీలు చేత్తో నింపితే గాని అది కార్డు కాదు. హార్స్లీ తన కార్డు కోల్‌కి పంపినప్పుడు పేరుతో సరిపెట్టకుండా మూలన తన బొమ్మ బుల్లిగా గీసి మరీ పంపాడు. అలా చేతిరాత ఉన్నవాటికే ఇవాళ్టికీ గిరాకీ. 2001లో ఇంగ్లండులోని డెవైజెస్‌లో జరిగిన వేలంలో, కోల్ తన అమ్మమ్మకి పంపిన కార్డు సుమారు 20,000 పౌండ్లు పలికింది.

ఇక అచ్చంగా వ్యాపారి పంపిన కార్డు గురించి. అమెరికాలో మొదటి క్రిస్మస్ కార్డని సాధారణంగా చెప్పుకునేది 1850 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ ఊళ్ళో వచ్చింది. రిచర్డ్ పీజ్ అనే ఆయన తన దుకాణం కోసం వేయించుకున్నాడు. అందులో సాంటాక్లాజ్ ఉన్నాడు, విందు ఉంది, మెర్రీ క్రిస్మస్, హ్యాపీ న్యూ ఇయర్ ఉన్నాయి. వాటి మధ్యనే 'పీజెస్ గ్రేట్ వెరైటీ స్టోర్' అని కొట్టు పేరూ ఉంది. ఇక్కడా 'టు', 'ఫ్రం' ఖాళీలున్నాయి. అంటే ఆ దేశంలో తొలి కార్డే ఒక ఫ్యాన్సీ కొట్టువాడి ప్రకటన. ఇది తెలిసిన రోజున నా మనసులో ఉన్న సంకోచం చాలావరకు పోయింది.

ఇంకా వెనక్కి వెళితే, 18వ శతాబ్దంలోనే అమెరికా వలస పట్టణాల్లో పేపరు వేసే కుర్రాళ్ళు కొత్త సంవత్సరం రోజున ఒక పద్యం అచ్చేయించి చందాదారులకి ఇచ్చేవారు. ఏడాదిలో జరిగిన సంగతులు నాలుగు చెప్పి, మీకు శుభం కలగాలి అని దీవించి, చివర్న తమకి నాలుగు డబ్బులివ్వమని వినయంగా అడిగేవారు. లండన్‌లో రాత్రిపూట గంట కొట్టుకుంటూ తిరిగే కాపలావాళ్ళు కూడా క్రిస్మస్‌కి ఇలాంటి పద్యాల కాగితాలే పంచేవారు. మనకిది వింతేమీ కాదు. దసరాకి పంతులుగారు పిల్లల చేత గిలకలు పట్టించి ఇంటింటికీ తీసుకెళ్ళి పద్యాలు పాడించేవారు. దీవెనా ఉంది, మామూలూ ఉంది. దాన్ని ఎవరూ తప్పుగా చూడలేదు. పని చేసిపెట్టేవాడు ఏడాదికొకసారి గుమ్మంలోకి వచ్చి మంచి మాట చెప్పడం ఏ దేశంలోనైనా ఉన్నదే.

కార్డు లక్షల్లోకి వెళ్ళిన తీరు కూడా వ్యాపారపు కథే. లూయీ ప్రాంగ్ జర్మన్ల పట్టణం బ్రెస్లౌలో పుట్టి, 1848 తిరుగుబాట్ల తర్వాత దేశం విడిచి బోస్టన్ చేరిన అచ్చు పనివాడు. క్రోమోలిథోగ్రఫీలో ఆయనకి సాటి లేరనేవారు. ఆ పద్ధతిలో ఒక్కో రంగుకి ఒక్కో రాయి. రాయి మీద ఆ రంగు పడవలసిన చోటు మాత్రమే గీసి, కాగితాన్ని ఒకదాని తర్వాత ఒకటి రాళ్ళ మీద నుంచి తీయాలి. వెంట్రుకవాసి జరిగినా బొమ్మ చెడిపోతుంది. ప్రాంగ్ వ్యాపారుల కోసం పూల బొమ్మలతో విజిటింగ్ కార్డులు వేసేవాడు, మధ్యలో కొట్టు పేరు వేసుకోవడానికి చోటు వదిలి. 1873లో వియన్నాలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో అవి పంచిపెట్టాడు. అవి చూసి లండన్‌లో ఆయన ఏజెంటు భార్య, కొట్టు పేరు ఉండాల్సిన చోట క్రిస్మస్ శుభాకాంక్షలు వేయకూడదా అని సలహా ఇచ్చిందని చెబుతారు. ఆ ఏడాదే ఇంగ్లండు మార్కెట్‌కి, మరుసటేడు అమెరికాకి అలాంటి కార్డులు వేశాడు. 1880లలో ఏడాదికి 50 లక్షల కార్డుల దాకా వేశాడంటారు. కొట్టు పేరు తీసేసి శుభాకాంక్ష పెడితే పండగ కార్డయింది, కంపెనీలు మళ్ళీ దాని కిందే తమ పేరు వేసుకున్నాయి. రెండూ ఒకే రాయి మీద అచ్చయ్యాయి.

1880 నుంచి ప్రాంగ్ బొమ్మల పోటీలు పెట్టాడు, మొదటి బహుమతి 1,000 డాలర్లు. నాణ్యత విషయంలో మొండి. తర్వాత జర్మనీ నుంచి చౌక కార్డులు వచ్చి మార్కెట్ నిండిపోయేసరికి, 1890లలో ఆ పనే మానేశాడు గాని నాసిరకం వేయలేదు. నాకు ఆయన మీద గౌరవం అందుకే.

ఇంగ్లండులో ఈ పనిలోకి దిగినవాళ్ళూ స్టేషనరీ, పేకముక్కల తయారీదారులే. పేకముక్కలు చేసే చార్లెస్ గుడాల్ కంపెనీ 1862లో మొదలుపెట్టింది, తర్వాత రాఫేల్ టక్, డి లా రూ, బెల్ఫాస్ట్‌లో మార్కస్ వార్డ్ వచ్చారు. 1870లో అక్కడ అర పెన్నీ రేటు రావడంతో కార్డు కూలివాడి దాకా వెళ్ళింది. 1880 నాటికే పండగ ఉత్తరాలు ముందుగా పోస్టు చేయండి మహాప్రభో అని పోస్టాఫీసు జనాన్ని బతిమాలుకోవాల్సి వచ్చింది. ఆ కార్డుల మీద ఎర్ర రొమ్ము రాబిన్ పిట్ట ఎందుకు అన్నిసార్లు కనిపిస్తుందంటే, అంతకుముందు కాలంలో పోస్టుమన్ల యూనిఫాం ఎర్రకోటు. జనం వాళ్ళని రాబిన్లనే పిలిచేవారు.

ఇప్పుడు మా ఆఫీసులో ఇది ఎలా నడిచేదో చెబుతాను, ఎందుకంటే మీ అసలు ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

జులైలో శివకాశి ఏజెంటు శాంపిల్ ఆల్బమ్‌లు పట్టుకుని వచ్చేవాడు. కార్డు లోపల కుడివైపు కంపెనీ పేరు, గుంటూరు అడ్రసు అచ్చు. దాని పైన సంతకానికి చోటు. మా పేర్ల పుస్తకంలో ఆరువందల పైచిలుకు అడ్రసులుండేవి. లండన్, బ్రిస్టల్, మాస్కో, కైరో, ఇంకా షిప్పింగు ఏజెంట్లు, బ్యాంకుల వాళ్ళు. పుస్తకం మూడు రంగుల సిరాతో ఉండేది. ఎర్ర సిరా పేరుకి క్రిస్మస్ కార్డు. నీలం సిరా పేరుకి కొత్త సంవత్సరం కార్డు. మాస్కో వాళ్ళంతా నీలమే, ఎందుకంటే సోవియట్ ప్రభుత్వ సంస్థలు క్రిస్మస్ జరుపుకునేవి కావు, వాళ్ళకి నూతన సంవత్సరమే పెద్ద పండగ. పైగా అక్కడి ఆర్థడాక్స్ చర్చి లెక్కలో క్రిస్మస్ జనవరి 7న వస్తుంది. కైరోలో కూడా నీలమే. ఎక్కువమంది ముస్లింలు, క్రైస్తవులైన కాప్టులకి కూడా పండగ జనవరి 7నే. నల్ల సిరా పేర్ల సంగతి తర్వాత చెబుతాను.

తపాలాలో ఒక చిత్రమైన నియమం ఉండేది. కార్డు కవరు అంటించకుండా మడత లోపలికి దోపి పంపితే, అచ్చు కాగితాల కింద తక్కువ రేటుకి వెళ్ళేది. మనం బుక్ పోస్టు అనేవాళ్ళం. అలా పంపే పండగ కార్డు మీద చేత్తో ఐదు మాటల వరకే శుభాకాంక్ష రాయవచ్చు. అంతర్జాతీయ తపాలా నియమాల్లోనే ఉందది. ఐదు దాటితే అది ఉత్తరం కింద లెక్క, ఉత్తరం రేటు కట్టాలి. మా మేనేజరుగారు ఏటా నవంబరులో ఒక ఆదివారం ఆఫీసుకొచ్చి కూర్చునేవారు. బల్ల మీద ఎడమవైపు పెద్ద దొంతర, కుడివైపు చిన్నది. పెద్ద దొంతరకి ఐదు మాటలు, సంతకం. చిన్న దొంతరలో అరవై కార్డులు. వాటికి మాత్రం పెన్ను క్యాప్ తీసి కాసేపు ఆలోచించి రాసేవారు. ఈసారి వాన ఆలస్యమైంది, నారుమళ్ళు రెండోసారి పోయాల్సి వచ్చింది, ఆకు మాత్రం బాగుంది, మీరు ఫిబ్రవరిలో వస్తే మా ఇంట్లో భోజనం, ఇలాంటివి. ఆ అరవై కవర్లూ అంటించి ఎయిర్ మెయిల్లో పంపేవాళ్ళం. "ఈ అరవై మందికీ ఐదు మాటలు చాలవు" అనేవారాయన. ఐదు మాటలు ఎవరికి చాలతాయో, ఎవరికి చాలవో తెలిసి ఉండటమే వ్యాపారం తెలియడం అని నేను ఆ బల్ల పక్కన నిలబడి నేర్చుకున్నాను.

ఆయన రిటైరయ్యాక వచ్చినాయన చాలా చురుకైన మనిషి, నిజాయితీపరుడు కూడా. ఆదివారం పని దండగన్నారు. సంతకానికి రబ్బరు స్టాంపు చేయించారు. ఆరువందలూ ఒక పూటలో అయిపోయేవి. ఖర్చు తగ్గింది, నాకూ హాయిగా ఉంది. అలా ఆరేళ్ళు గడిచాక బ్రిస్టల్ నుంచి ఒక కవరు వచ్చింది, చిన్న దొంతరలో ఉండే ఒక పెద్దాయన భార్య రాసింది. తన భర్త పోయి రెండేళ్ళవుతోందని, ఇక పంపనక్కరలేదని ఎంతో మర్యాదగా రాసింది. కింద ఇంకొక మాట ఉంది. పాత కార్డులు ఆయన దాచుకున్నాడట, గుంటూరులో వానలు ఎలా పడ్డాయో ఆ కార్డుల్లో చూసి తనకి చదివి వినిపించేవాడట, స్టాంపు సంతకం మొదలయ్యాక వచ్చినవి మాత్రం దాచలేదట. నిష్ఠూరంగా రాయలేదు, ఉన్న సంగతిగా రాసింది. రెండేళ్ళపాటు చనిపోయిన మనిషి పేరు మీద మేం శుభాకాంక్షలు పంపామని ఆ రోజు నాకు తెలిసింది. అప్పటినుంచే పుస్తకంలో నల్ల సిరా మొదలుపెట్టాను. పోయినవాళ్ళ పేరు నల్లసిరాతో రాసి, కార్డుకి బదులు ఇంటివాళ్ళకి ఉత్తరం రాసేవాళ్ళం.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, వందేళ్ళ కార్డుల వ్యాపారం మొత్తం ఈ రెండు దొంతరల మధ్య ఊగింది. అమెరికాలో జాయ్స్ హాల్ 1910లో పద్దెనిమిదేళ్ళ వయసులో రెండు చెప్పుల పెట్టెల నిండా పోస్టుకార్డులు పట్టుకుని కాన్సస్ సిటీలో దిగాడు. 1915లో గొడౌను తగలబడి సరుకంతా బూడిదైతే, అప్పు చేసి సొంతంగా కార్డులు అచ్చేయడం మొదలుపెట్టాడు. అదే హాల్‌మార్క్ కంపెనీ. పేరు ముందే అచ్చేసి వందల్లో పంపుకునే కార్డులు ఆఫీసుల్లో మామూలైపోయిన కాలం అది. 1953లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ వైట్‌హౌస్ తరఫున మొదటి అధికారిక క్రిస్మస్ కార్డు పంపితే, అది వేసింది కూడా హాల్‌మార్కే. దాని మీద 'సీజన్స్ గ్రీటింగ్స్' అనే ఉంది, క్రిస్మస్ మాట లేదు. ఆ మాటని, క్రిస్మస్ అనడానికి ఇప్పటి కంపెనీలు పడే భయం అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి, డెబ్బై ఏళ్ళ కిందటే వాడుకలో ఉన్న మాట.

డెట్రాయిట్ దగ్గర షెవర్లే కార్లు అమ్మిన జో జిరార్డ్ పేరు మీరు సేల్స్ పాఠాల్లో వినే ఉంటారు. పదిహేనేళ్ళలో 13,001 కార్లు, 1973 ఒక్క ఏడాదిలోనే 1,425 అమ్మి గిన్నిస్ పుస్తకానికెక్కాడు. తన దగ్గర కొన్నవాళ్ళకి ప్రతి నెలా ఒక గ్రీటింగ్ కార్డు పంపేవాడు, నెలకి పదమూడు వేల దాకా. ఆయన్ని చూపించి కార్డులు పంపితే అమ్మకాలు వస్తాయనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఆయన కారు అమ్మాక కూడా పట్టించుకునేవాడు, బండికి రిపేరొస్తే వర్క్‌షాపు వాళ్ళతో తనే మాట్లాడిపెట్టేవాడు. కార్డు ఆ పట్టించుకోవడాన్ని గుర్తుచేసింది. వెనక ఆ పని లేకుండా పన్నెండు కార్డులు పంపితే పన్నెండుసార్లు చికాకుపెట్టినట్టే.

కార్డుకి మనిషి మీద ఎంత పట్టుందో చూపించిన పరిశోధన ఒకటుంది. 1970లలో అమెరికాలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీకి చెందిన ఫిలిప్ కుంజ్ అనే సామాజిక శాస్త్రవేత్త ముక్కూమొహం తెలియని 578 మందికి క్రిస్మస్ కార్డులు పంపాడు. ఐదోవంతు మంది తిరిగి జవాబు పంపారు. కొందరైతే ఇంటి సంగతులతో పొడుగాటి ఉత్తరాలే రాశారు. ఎవరో తెలియకపోయినా సరే, పలకరింపుకి బదులు పలకాలన్నది మనిషిలో అంత బలంగా ఉంది. అలాంటి మంచి గుణాన్ని అమ్మకానికి ఎరగా వాడితే అది పాపమని నా ఉద్దేశం. మీ సంకోచం ఇక్కడ మాత్రం న్యాయమైనదే.

కంపెనీలు ఈ ఖర్చుని మంచిపనికి మళ్ళించిన చరిత్ర కూడా ఉంది. 1949లో చెకోస్లోవేకియాకి చెందిన ఏడేళ్ళ పాప యూనిసెఫ్‌కి కృతజ్ఞతగా ఒక బొమ్మ గీసి పంపింది. అది కార్డుగా అచ్చయింది, యూనిసెఫ్ కార్డులన్నిటికీ అదే మొదలు. మన దేశంలో 1979లో మొదలైన క్రై సంస్థ కూడా గ్రీటింగ్ కార్డులు అమ్మి, పిల్లల కోసం నిధులు కూడగట్టింది. మా ఆఫీసులో కూడా చివరి పదేళ్ళు అలాంటి కార్డులే తెప్పించాం. అందుకున్నవాళ్ళు వెనక తిప్పి చూసి మెచ్చుకునేవారు.

ఫోనూ, కంప్యూటరూ వచ్చాక సంగతి. ప్రపంచంలో మొదటి ఎస్సెమ్మెస్ ఏమిటో తెలుసా? 1992 డిసెంబరు 3న నీల్ పాప్‌వర్త్ అనే యువ ఇంజినీరు వొడాఫోన్‌లో రిచర్డ్ జార్విస్ అనే అధికారికి పంపిన 'మెర్రీ క్రిస్మస్'. అదీ ఆఫీసు శుభాకాంక్షే. రెండేళ్ళకే ఎంఐటీలో ఈ-కార్డులు పుట్టాయి. ఆ ఊపులో బ్లూ మౌంటెన్ అనే ఈ-కార్డుల సైటుని 1999లో 78 కోట్ల డాలర్లకి కొన్నారు, రెండేళ్ళు తిరగకుండానే మూడున్నర కోట్లకి అమ్ముకున్నారు. పంపేవాడికి ఖర్చు లేనిదాన్ని అందుకున్నవాడు ఎంత విలువ కడతాడో ఆ రెండు అంకెలు చూస్తే నాకు అర్థమైంది. మనకి పెళ్ళి పిలుపుల్లో తెలిసిన తేడానే ఇది. వాట్సాప్‌లో వచ్చిన శుభలేఖకి రెండు చేతుల బొమ్మ పెట్టి ఊరుకుంటాం. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిస్తే, ఆ రోజు ఎంత పనున్నా పెళ్ళికి వెళతాం.

ఇంకొక సంగతి, మీ క్లయింట్లలో ప్రభుత్వం వాళ్ళు ఉంటే పనికొస్తుంది. అమెరికా ఫెడరల్ ఉద్యోగుల నైతిక నియమాల్లో గ్రీటింగ్ కార్డు 'బహుమతి' నిర్వచనంలోకి రాదని స్పష్టంగా రాసి ఉంది. స్వీట్ల డబ్బా పంపితే చిక్కు రావచ్చు, కార్డుకి రాదు. మన దగ్గర దొరల కాలంలో క్రిస్మస్‌కి కంట్రాక్టర్లు పండ్లబుట్టలు, డాలీలు (కానుకల పళ్ళేలు) మోసుకుని బంగళాల ముందు నిలబడిన రోజులు గుర్తుచేసుకుంటే, కాగితం ముక్క ఎంత గౌరవమైన దారో తెలుస్తుంది.

కాబట్టి పంపండి. ఎలా పంపాలో కూడా అడిగారు గనక, మా తప్పులు మీరు చేయకుండా చెబుతాను.

నలభై కార్డులంటే ఇద్దరికి రెండు సాయంత్రాల పని. కంపెనీ పేరు లోపల చిన్నగా ఉంటే చాలు, ముందువైపు లోగో వద్దు. కొత్త రేట్లు, డిస్కౌంటు, కొత్త సర్వీసు, ఏదీ ఆ కవరులో పెట్టకండి. అవి జనవరి మెయిల్లో చెప్పుకోవచ్చు. డిపార్ట్‌మెంటు పేరు మీద కాకుండా మనిషి పేరు మీద పంపండి, పేరు అక్షరాలు రెండుసార్లు సరిచూసుకోండి. ఎవరు ఏ పండగ చేసుకుంటారో తెలియని చోట కొత్త సంవత్సరం కార్డు పంపండి. యూదులున్నారు, ముస్లింలున్నారు, మన తెలుగువాళ్ళే అక్కడ మేనేజర్లుగా ఉన్నారు. వాళ్ళలో క్రైస్తవులూ ఉన్నారు. మన ఊళ్ళ నుంచి వెళ్ళి డాలస్‌లో తెలుగు చర్చికి వెళ్ళే మనిషికి తెలుగులో రెండు మాటలు రాసి క్రిస్మస్ కార్డు పంపితే ఎంత సంతోషిస్తాడో మీరే ఊహించుకోండి. సంతకం మీది, మీ పార్ట్‌నర్‌దే కాకుండా, రోజూ ఆ క్లయింటుతో మాట్లాడే మీ టీమ్ అమ్మాయి, అబ్బాయి కూడా చేయాలి. అక్కడివాళ్ళకి తెలిసిన పేర్లు అవే.

లోపల ఏం రాయాలన్నదానికి నా దగ్గరున్నది ఒకటే కొలత. ఆ కార్డు కవరు మార్చి ఇంకొకరికి పంపినా అతికేట్టుంటే, ఇంకా రాయడం కాలేదన్నమాట. మార్చిలో రాత్రి రెండింటికి సర్వరు పడిపోయినప్పుడు అరవకుండా మనతో కూర్చున్న మనిషికి ఆ రాత్రి సంగతే రాయండి. ఇప్పుడు ఐదు మాటల నియమం మిమ్మల్ని ఆపదు.

ఇక్కడినుంచి పోస్టు చేస్తే నవంబరు మూడో వారం దాటనివ్వకండి, మూడు వారాలు దారిలోనే పోవచ్చు. ఆలస్యమైతే జనవరి మొదటి వారంలో అందేలా కొత్త సంవత్సరం కార్డుగా పంపండి, డిసెంబరు 28న చేరే క్రిస్మస్ కార్డు కంటే అదే నయం. కవరు వెనక మీ అడ్రసు స్పష్టంగా ఉండాలి. తిరిగొచ్చిన కవరుని చెత్తబుట్టలో వేయకుండా, ఆ మనిషి ఉద్యోగం మారాడా, ఎక్కడికెళ్ళాడు అని కనుక్కోండి. మా ఆఫీసులో పేర్ల పుస్తకాన్ని ఏటా సరిచేసుకోగలిగింది ఆ వెనక్కొచ్చిన కవర్ల వల్లనే. పంపే ముందు ఒకరోజు ఇద్దరూ కూర్చుని నలభై పేర్లూ పైకి చదవండి. ఏ పేరు దగ్గరైనా ఈ మనిషితో ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడామో గుర్తు రాకపోతే, ఆ పేరు పక్కన పెట్టుకుని ముందు ఫోన్ చేయండి.